బోపన్న రిటైర్ అయ్యాడు: 2024 మెల్‌బోర్న్ డబుల్స్ ఫైనల్ మళ్లీ చూశాను, మాట్లాడుకుందాం రండి

గన్నవరం గ్యాలరీ
2 నవంబర్ 2025, రాత్రి 9:10

నిన్న మన టెన్నిస్ డబుల్స్ ఆటగాడు రోహన్ బోపన్న ఆట నుంచి తప్పుకుంటున్నట్టు చెప్పాడు కదా. ఆఖరి మ్యాచ్ పారిస్ మాస్టర్స్‌లో, అలెగ్జాండర్ బుబ్లిక్‌తో కలిసి ఆడాడు. వార్త చదివాక ఏ పని మీదా మనసు నిలవలేదు. భోజనాలయ్యాక కూర్చుని 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్ మెన్స్ డబుల్స్ ఫైనల్ మొదటి పాయింట్ నుంచి మళ్లీ చూశాను. బోపన్న, మాథ్యూ ఎబ్డెన్ ఒకవైపు, ఇటలీ జోడీ సిమోనే బొలెల్లి, ఆండ్రియా వావసోరి ఇంకోవైపు. 7-6 (7-0), 7-5. గంటా 39 నిమిషాల ఆట.

ఆ రోజు లైవ్‌లో చూసినప్పుడు నా కళ్లన్నీ బోపన్న మీదే. 43 ఏళ్ల మనిషి మొదటిసారి మెన్స్ డబుల్స్ గ్రాండ్ స్లామ్ గెలుస్తాడా లేదా అన్న టెన్షన్ తప్ప ఆట సరిగ్గా చూడనే లేదు. ఈసారి ఫలితం తెలుసు కాబట్టి ఒక పని చేశాను. ప్రతి పాయింట్‌లోనూ బంతి కొట్టే మనిషిని వదిలేసి, కొట్టని మనిషిని చూశాను. ఎబ్డెన్ సర్వ్ చేస్తుంటే నెట్ దగ్గర బోపన్న ఏం చేస్తున్నాడు, బోపన్న రిటర్న్ చేస్తుంటే ఎబ్డెన్ ఎక్కడ నిలబడ్డాడు, ఇదే చూశాను. ఇన్నేళ్లుగా టెన్నిస్ చూస్తున్నాను, డబుల్స్ అంటే ఏమిటో నిన్న రాత్రి అర్థమైంది.

మీలో ఎవరైనా ఆ మ్యాచ్ చూసి ఉంటే గుర్తున్నది రాయండి.

ఫ్లాట్ సర్వ్
2 నవంబర్ 2025, రాత్రి 9:42

బోపన్న అంటే నాకూ గౌరవమే అన్నా. కానీ నిజం మాట్లాడుకుందాం. సింగిల్స్‌లో అతని బెస్ట్ ర్యాంకు 213. డబుల్స్‌లో నంబర్ వన్. ఈ రెండు అంకెల మధ్య దూరం చూస్తే డబుల్స్‌లో పోటీ తక్కువని తెలియడం లేదా? సింగిల్స్‌లో పైకి రాలేనివాళ్లు వెళ్లే చోటు డబుల్స్ అని నా నమ్మకం. టాప్ 20 సింగిల్స్ ఆటగాళ్లంతా డబుల్స్ సీరియస్‌గా ఆడితే ఈ స్పెషలిస్టులు ఎంతమంది మిగులుతారు?

హైదరాబాద్‌లో పదేళ్లు కోచింగ్ తీసుకున్నవాడిగా అడుగుతున్నాను, తక్కువ చేయాలని కాదు.

డ్యూస్ కోర్ట్
2 నవంబర్ 2025, రాత్రి 10:30

తమ్ముడూ, మాది కాకినాడ. ముప్పై ఏళ్లుగా క్లబ్‌లో ఆడుతున్నాను. మన ఊళ్లలో క్లబ్ టెన్నిస్ అంటే డబుల్సే, అది నీకూ తెలుసు. రెండు మట్టి కోర్టులు, ఇరవై మంది సభ్యులు. పొద్దున ఆరింటికల్లా బాయ్ నీళ్లు చల్లి, రోలర్ తిప్పి, సున్నంతో గీతలు గీసి ఉంచుతాడు. ఎనిమిదింటికి ఎవరి ఆఫీసుకు వాళ్లు పోవాలి. సింగిల్స్ ఆడతానంటే ఎవరు కోర్టు ఇస్తారు? అందుకని నాకు తెలిసిన టెన్నిస్ అంతా నలుగురు ఆడేదే. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఇది వేరే ఆట.

కొలతల దగ్గర మొదలుపెడదాం. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు, డబుల్స్‌కు 36. అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర అడుగులు పెరుగుతాయి, మనుషులు మాత్రం రెట్టింపవుతారు. అంటే ఖాళీ జాగా తగ్గిపోయింది. సింగిల్స్‌లో బేస్‌లైన్ వెనక నిలబడి పది పన్నెండు బంతులు తిప్పితిప్పి కొట్టి ఖాళీ పుట్టించుకోవచ్చు. డబుల్స్‌లో అంత టైమ్ ఉండదు. సర్వ్, రిటర్న్, ఒక వాలీ (బంతి నేల తాకకముందే కొట్టడం), మహా అయితే ఇంకొకటి, పాయింట్ అయిపోయింది. అందుకే మొదటి రెండు షాట్లు ఎవరివి బాగుంటే ఆట వాళ్లది. రిటర్న్ అయితే నెట్ దగ్గరున్న మనిషికి అందకుండా, తక్కువ ఎత్తులో, సర్వ్ చేసి ముందుకొస్తున్న వాడి కాళ్ల దగ్గర పడాలి. సింగిల్స్‌లో మంచి రిటర్న్ అనిపించుకునే బంతి, నెట్ మీద నుంచి మూడడుగుల ఎత్తున లోతుగా పడేది, ఇక్కడ నెట్ దగ్గరున్న వాడికి తేరగా దొరికినట్టే.

ఇక గ్యాలరీ గారన్న మాట, బంతి కొట్టని మనిషిని చూడటం. అసలు ఆట అక్కడే ఉందండీ. సర్వ్ చేసేవాడి జోడీదారు నెట్ దగ్గర నిలబడి చెయ్యి వెనక్కి పెట్టి వేళ్లతో సైగ చేస్తాడు. పిడికిలి మూస్తే ఉన్నచోటే ఉంటానని, వేళ్లు విప్పితే అటు దూకుతానని, అలా జోడీకో భాష. సర్వ్ చేసేవాడు దాన్ని చూసి మధ్యలోకి కొట్టాలా, బయటికి కొట్టాలా అనేది తేల్చుకుంటాడు. మధ్యలోకి సర్వ్ పడితే రిటర్న్ చేసేవాడికి కోణం దొరకదు. అప్పుడు నెట్ దగ్గర వాడు పక్కకు దూకి బంతి లాక్కుంటాడు. దీన్నే పోచింగ్ అంటారు. రెండుసార్లు దూకితే చాలు, మూడోసారి దూకకపోయినా అవతలివాడి కళ్లు బంతి మీద నిలవవు. వీడు కదులుతాడేమోనని గాభరాపడి లైన్ మీదుగా కొట్టబోయి బయటికి కొడతాడు. స్కోరు షీట్‌లో అది అతని తప్పుగా పడుతుంది. నిజానికి ఆ పాయింట్ సంపాదించినవాడు రాకెట్ కదపనేలేదు.

213వ ర్యాంకు సింగిల్స్ ఆటగాడు డబుల్స్‌లో నంబర్ వన్ ఎలా అయ్యాడంటే, ఆ ర్యాంకు కొలిచే పనులు వేరు, ఇక్కడ కావలసిన పనులు వేరు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, పిడుగులాంటి సర్వ్, ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌తో చదునుగా కొట్టే రిటర్న్. నాలుగు గంటలు కోర్టంతా పరిగెత్తే మోకాళ్లు అతనికి లేవు. ఉన్న ఆయుధాలకు తగిన ఆటను ఎంచుకుని, దాన్ని ఇరవై ఏళ్లు సాన పట్టాడు.

మెల్‌బోర్న్ తెలుగోడు
3 నవంబర్ 2025, ఉదయం 5:15

అన్నలూ, ఆ రోజు నేను రాడ్ లేవర్ అరీనాలో ఉన్నాను. 2024 జనవరి 27, శనివారం. టికెట్ కొన్నది విమెన్స్ ఫైనల్ కోసం. సబలెంకా 6-3, 6-2తో జెంగ్ చిన్‌వెన్‌ను త్వరగానే ఓడించేసింది. ఆ తర్వాతే డబుల్స్ ఫైనల్. మా వరుసలో చాలామంది లేచి ట్రామ్‌కు వెళ్లిపోయారు. మేం ముగ్గురం ఉండిపోయాం. ఖాళీ అయిన సీట్లలోకి పై వరుసల్లో ఉన్న మనవాళ్లు దిగి వచ్చారు. కన్నడ, తమిళం, తెలుగు అన్నీ వినిపిస్తున్నాయి. మా వెనక ఒక పెద్దాయన కూర్గ్ నుంచి వచ్చి స్థిరపడ్డారట, బోపన్న వాళ్ల వైపు కాఫీ తోటల గురించి బ్రేక్‌లో చెప్పుకొచ్చారు.

టీవీలో కనపడనిది ఒకటి చెబుతాను. పాయింట్‌కూ పాయింట్‌కూ మధ్య ప్రతిసారీ ఇద్దరూ దగ్గరికి వచ్చి మాట్లాడుకునేవారు, పెదవుల ముందు చేతిలో బంతి అడ్డం పెట్టుకుని. గెలిచిన పాయింట్ తర్వాతా, పోయిన పాయింట్ తర్వాతా అదే. ఎబ్డెన్ ఒక తేలిక వాలీని నెట్‌లో కొట్టినప్పుడు బోపన్న మొహంలో ఏ మార్పూ లేదు. రాకెట్‌తో రాకెట్ తాకించి, చెవిలో ఏదో చెప్పి వెనక్కి వెళ్లాడు. మా ఆఫీసులో టీమ్‌వర్క్ మీద ఎన్ని క్లాసులు విన్నానో లెక్కలేదు, నాకు అది కళ్లతో కనపడింది మాత్రం ఆ అరసెకనులోనే.

మొదటి సెట్ టైబ్రేక్, అంటే 6-6 అయ్యాక సెట్ తేల్చే ఆఖరి గేమ్, 7-0. వరసగా ఏడు పాయింట్లు. ఇటలీ వాళ్లు బాగా ఆడుతున్న సెట్ అది, ఎక్కడా తగ్గలేదు. టైబ్రేక్ మొదలవగానే వీళ్లిద్దరూ వేరే మనుషులైపోయారు. రెండో సెట్‌లో 5-5 దగ్గర, 11వ గేమ్‌లో బ్రేక్ వచ్చినప్పుడు (అవతలివాళ్ల సర్వ్ గేమ్ గెలిచినప్పుడు) స్టేడియంలో మిగిలిన సగం మంది చేసిన గోల నిండు స్టేడియం గోలలా ఉంది.

గెలిచాక మైకులో బోపన్న చెప్పిన మాటలకు నా పక్కన మా ఆవిడ ఏడ్చేసింది. రెండేళ్ల కిందట ఇక ఆట ఆపేస్తానని భార్యకు వీడియో మెసేజ్ పంపాడట. ఐదు నెలలు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదట. ఆ మాట చెబుతున్నప్పుడు భార్యా, చిన్నపాపా స్టాండ్స్‌లోనే ఉన్నారు.

పాత పేపర్
3 నవంబర్ 2025, ఉదయం 8:20

తెలుగోడు గారూ, చదువుతుంటే అక్కడే ఉన్నట్టనిపించింది. కృతజ్ఞతలు.

నా తరం వాళ్లకు డబుల్స్ అంటే 1999. ఆ ఏడాది పేస్, భూపతి నాలుగు గ్రాండ్ స్లామ్‌లలోనూ ఫైనల్ ఆడారు. ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ గెలిచారు. అప్పుడు నాకు గుంటూరులో కొత్త ఉద్యోగం. పేపర్ రాగానే వెనక పేజీ ముందు చదివేవాణ్ని. వాళ్లు ఎదురెదురుగా వచ్చి ఛాతీలు తాకించుకునే ఫొటో కత్తిరించి బీరువా తలుపుకు అంటించాను.

బోపన్న కథలో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనపడేది ఎదురుచూపు. 2010 యూఎస్ ఓపెన్ ఫైనల్ పాకిస్తాన్ ఆటగాడు ఐసాముల్ హక్ ఖురేషీతో కలిసి ఆడి బ్రయాన్ సోదరుల చేతిలో రెండు టైబ్రేక్‌లలో ఓడిపోయాడు. ఐక్యరాజ్యసమితిలో రెండు దేశాల రాయబారులూ ఆ మ్యాచ్‌కు వచ్చి చూశారు. ఆ తర్వాత మళ్లీ గ్రాండ్ స్లామ్ మెన్స్ డబుల్స్ ఫైనల్‌కు రావడానికి 13 ఏళ్లు పట్టింది. 2023 యూఎస్ ఓపెన్, ఎబ్డెన్‌తోనే. మొదటి సెట్ 6-2తో గెలిచి, తర్వాత రాజీవ్ రామ్, జో శాలిస్‌బరీ చేతిలో ఓడారు.

ఆ 2023 ఫైనల్లో ఒక సంగతి మరిచిపోకూడదు. మూడో సెట్‌లో బంతి బోపన్న చేతికి రాసుకుని అవతలికి వెళ్లింది. అంపైర్ గమనించలేదు. ఇతనే ముందుకొచ్చి, నా చేతికి తగిలింది, పాయింట్ వాళ్లదే అని చెప్పాడు. జీవితంలో ఒక్క గ్రాండ్ స్లామ్ మెన్స్ డబుల్స్ టైటిల్ కోసం చూస్తున్నవాడు, వయసు 43, ఆడుతున్నది ఆఖరి సెట్. ఆ పాయింట్ ఇచ్చేశాడు, మ్యాచ్ పోయింది. ఐదు నెలలు తిరక్కుండానే మెల్‌బోర్న్‌లో కప్పు చేతికొచ్చింది. నేను దేవుణ్ని నమ్ముతాను కాబట్టి నాకు ఇందులో ఒక లెక్క కనపడుతుంది.

మెల్‌బోర్న్‌లో గెలిచింది అతని 61వ గ్రాండ్ స్లామ్ మెన్స్ డబుల్స్ టోర్నీ. అంతకుముందు ఎక్కువసార్లు ప్రయత్నించి గెలిచినవాడు రాజీవ్ రామ్, 58వ సారి. వయసులో రికార్డు నెదర్లాండ్స్ ఆటగాడు జాన్ జూలియన్ రోయర్‌ది, 2022 ఫ్రెంచ్ ఓపెన్ 40 ఏళ్లకు గెలిచాడు. అదీ చెరిగిపోయింది.

ఈ రోయర్ పేరు వినగానే మన హైదరాబాద్ కుర్రాడు విష్ణువర్ధన్ గుర్తుకు రావాలి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పేస్‌తో కలిసి మొదటి రౌండ్‌లో ఓడించింది ఈ రోయర్‌నూ రాబిన్ హాసేనూ. తర్వాతి రౌండ్‌లో సోంగా, యొద్రా జోడీ మీద మూడు సెట్లు పోరాడి ఓడారు. అప్పట్లో ఎవరు ఎవరితో ఆడాలన్న గొడవలో ఆ కుర్రాడి ఆట ఎవరికీ పట్టలేదు. నాకు ఇప్పటికీ బాధే.

ఫ్లాట్ సర్వ్
3 నవంబర్ 2025, మధ్యాహ్నం 1:05

డ్యూస్ కోర్ట్ అన్నా, రిటర్న్ గురించి మీరు రాసింది ఒప్పుకుంటున్నాను, అలా ఆలోచించలేదు. కానీ నా ప్రశ్నకు జవాబు రాలేదు. 2022 ఆస్ట్రేలియన్ ఓపెన్ చూడండి. కిర్గియోస్, కొక్కినాకిస్ వైల్డ్ కార్డుతో (టోర్నీవాళ్లు నేరుగా ఇచ్చే చోటుతో) వచ్చి కప్పు కొట్టుకుపోయారు. ఫైనల్లో ఓడింది ఎవరు? ఇదే ఎబ్డెన్, మాక్స్ పర్సెల్‌తో కలిసి. డబుల్స్ అంత ప్రత్యేకమైన విద్య అయితే ఇద్దరు సింగిల్స్ ఆటగాళ్లు ఎలా గెలిచారు?

ఇంకొకటి, డబ్బు. 2024 మెల్‌బోర్న్‌లో సింగిల్స్ విజేతకు 31.5 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు. డబుల్స్ జోడీకి 7.3 లక్షలు, అంటే మనిషికి 3.65 లక్షలు. ఎనిమిది రెట్లకు పైగా తేడా. టోర్నీ నడిపేవాళ్లే ఆ విలువ కట్టారు. నేను కొత్తగా చెబుతున్నదేం కాదు.

డ్యూస్ కోర్ట్
3 నవంబర్ 2025, రాత్రి 8:50

కిర్గియోస్, కొక్కినాకిస్ చిన్నప్పటి నుంచి స్నేహితులు. ఇద్దరివీ భయంకరమైన సర్వ్‌లు. మెల్‌బోర్న్ జనం ప్రతి పాయింట్‌కూ వాళ్ల వెనకే. వాళ్లు గెలిచారు, కాదనను. కానీ కథ అక్కడ ఆపేస్తే ఎలా? ఓడిన ఎబ్డెన్, పర్సెల్ ఆరు నెలలు తిరక్కుండా అదే ఏడాది వింబుల్డన్ గెలిచారు, మెక్టిచ్, పావిచ్ మీద ఐదు సెట్లు ఆడి, ఆఖరి సెట్ టైబ్రేక్‌లో. ఎబ్డెన్ ఆపైన 2024 జనవరిలో మెల్‌బోర్న్, అదే ఏడాది ఆగస్టులో జాన్ పీర్స్‌తో పారిస్ ఒలింపిక్ స్వర్ణం. ఒక్క టోర్నీ ఎవరైనా కొట్టవచ్చు. ముగ్గురు వేర్వేరు జోడీదార్లతో మూడు పెద్ద టైటిళ్లు గెలవాలంటే విద్య ఉండాలి.

2024 సెమీఫైనల్ కూడా చూడు. తోమాష్ మహాచ్, జాంగ్ జిజెన్ ఇద్దరూ సింగిల్స్ ఆటగాళ్లే. మహాచ్ ఆ టోర్నీలోనే సింగిల్స్‌లో టియాఫోను ఓడించాడు. 6-3, 3-6, 7-6 (10-7). మూడో సెట్ టైబ్రేక్ దాకా లాగారు, బలం వాళ్లదే. పాయింట్లు దగ్గరపడినప్పుడు మాత్రం గట్టెక్కింది అనుభవం.

నేను ఒక లెక్క వేశాను. ఆ టోర్నీలో బోపన్న, ఎబ్డెన్ ఆరు మ్యాచ్‌లలో ఏడు టైబ్రేక్‌లు ఆడారు. మొదటి రౌండ్‌లో డక్‌వర్త్, పోల్మాన్స్ మీద రెండు, మూడో రౌండ్‌లో కూల్‌హాఫ్, మెక్టిచ్ మీద రెండు, క్వార్టర్స్‌లో గొంజాలెజ్, మోల్తేని మీద ఒకటి, సెమీస్‌లో ఒకటి, ఫైనల్లో ఒకటి. ఏడింటికి ఏడూ గెలిచారు. ఇందులో ఏ రెండు పోయినా మనం ఇప్పుడు ఈ మాటలు మాట్లాడుకునేవాళ్లం కాదేమో. మొదటి రౌండ్‌లోనే మూడో సెట్ టైబ్రేక్‌కు వెళ్లింది, గుర్తుందా? అక్కడే ఇంటికి పోవలసింది.

డబ్బు సంగతి నువ్వన్నది నిజం. అది నాకూ బాధ కలిగించే విషయమే, వాదించను.

సీతమ్మధార
3 నవంబర్ 2025, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. విశాఖ నుంచి. మా అబ్బాయికి పదమూడేళ్లు, ఆరేళ్లుగా టెన్నిస్ ఆడుతున్నాడు. ఈ చర్చ చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

ఫ్లాట్ సర్వ్ బాబూ, టాప్ సింగిల్స్ ఆటగాళ్లు సీరియస్‌గా దిగితే స్పెషలిస్టులు మిగలరన్నావు. ఈ ఏడాది యూఎస్ ఓపెన్ వాళ్లు సరిగ్గా ఆ పరీక్షే పెట్టారు కదా, మిక్స్‌డ్‌లో, అంటే ఒక ఆడ, ఒక మగ కలిసి ఆడే డబుల్స్‌లో. పదహారు జోడీలు, దాదాపు అందరూ సింగిల్స్ స్టార్లే. గెలిచిన జోడీకి పది లక్షల డాలర్లు. మామూలు మిక్స్‌డ్ పోటీని తీసేసి సింగిల్స్ వాళ్ల కోసం అలా మార్చారని చాలామంది డబుల్స్ ఆటగాళ్లు బాధపడ్డారు. కప్పు ఎవరికి వచ్చింది? సారా ఎర్రానీ, వావసోరి. ఫైనల్లో ష్వియాంటెక్, కాస్పర్ రూడ్‌ను ఓడించారు. ఈ వావసోరి ఎవరో కాదు, మెల్‌బోర్న్ ఫైనల్లో బోపన్న చేతిలో ఓడినవాడే.

ఇక నా బాధ. మేం పంపిన ఒక అకాడమీలో కోచ్, పేరు వద్దు, డబుల్స్ డ్రాకు పేరివ్వబోతే వద్దన్నారు. టైమ్ వేస్ట్ అమ్మా, సింగిల్స్ మీద దృష్టి పెట్టండి అన్నారు. మూడేళ్లు అలాగే చేశాం. నెట్ దగ్గరికి రావడమంటే మావాడికి ఇప్పటికీ భయం. వాలీకి రాకెట్ వెనక్కి లాగుతాడు. గ్రౌండ్ స్ట్రోకులు మాత్రం గంటలకొద్దీ కొడతాడు. మీరు ఆడే డబుల్స్ లాంటిది చిన్నప్పటి నుంచి ఆడి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

డబుల్స్ దారిలో వెళ్లడం తప్పా? పెద్దవాళ్లు చెప్పండి.

పాత పేపర్
4 నవంబర్ 2025, ఉదయం 7:40

అమ్మా, తప్పేమీ లేదు. మన తెలుగు పిల్లలకు ఈ దారి ఇప్పటికే తెలుసు. సాకేత్ మైనేని మీ విశాఖలోనే కదా ఉండేది. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో మిక్స్‌డ్ స్వర్ణం, సనమ్ సింగ్‌తో మెన్స్ డబుల్స్ రజతం. తొమ్మిదేళ్ల తర్వాత హాంగ్‌జౌలో రామ్‌కుమార్‌తో మళ్లీ డబుల్స్ రజతం. ఆ మధ్యలో గాయాలతో ఎంత బాధపడ్డాడో ఆట చూసేవాళ్లందరికీ తెలుసు.

హైదరాబాద్ కుర్రాడు రిత్విక్ చౌదరి బొల్లిపల్లి ఉన్నాడు. 2024 అక్టోబర్‌లో అర్జున్ ఖాడేతో కలిసి అల్మాటీలో ఏటీపీ టైటిల్ గెలిచాడు. ఫైనల్ 3-6, 7-6, 14-12. మూడో సెట్‌కు బదులు ఆడే సూపర్ టైబ్రేక్ 14-12 దాకా వెళ్లిందంటే ఆ కుర్రాళ్ల గుండెలు ఎలా కొట్టుకుని ఉంటాయో ఊహించండి. ఆ ఫైనల్లో ఎదురుగా ఉన్నవాళ్లలో ఒకడు కొలంబియాకు చెందిన నికొలాస్ బారియెంతోస్. నాలుగు నెలలకు, 2025లో చిలీ ఓపెన్లో, రిత్విక్ అదే బారియెంతోస్‌తో జత కట్టి టైటిల్ కొట్టాడు. అక్కడ ఫైనల్లో ఓడిన గొంజాలెజ్, మోల్తేని మెల్‌బోర్న్ క్వార్టర్స్‌లో బోపన్న వాళ్లతో ఆడిన జోడీ. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్లో బోపన్న టైటిల్ నిలబెట్టుకోవడానికి దిగింది కూడా ఈ బారియెంతోస్‌తోనే, పాపం మొదటి రౌండ్‌లోనే ఓడారు.

చూశారా, డబుల్స్ అంటే ఒక పెద్ద కుటుంబం. నిన్న ఎదురుగా నిలబడినవాడు రేపు పక్కన ఉంటాడు. అందుకని నెట్‌కు అటువైపు ఉన్న మనిషితో కూడా మర్యాదగా ఉండక తప్పదు. పిల్లలు నేర్చుకోవలసింది ఇది కూడా.

ఫ్లాట్ సర్వ్
4 నవంబర్ 2025, మధ్యాహ్నం 12:30

మేడమ్, ఆ మిక్స్‌డ్ సంగతి నాకు గట్టిగా తగిలింది. నిన్న రాత్రి ఆ ఫైనల్ చూశాను. రూడ్ కొట్టే ఫోర్‌హ్యాండ్‌లో బలం వావసోరి ఫోర్‌హ్యాండ్‌లో లేదు. కానీ వావసోరి అవసరమైన చోట ముందే ఉన్నాడు. బంతి అతని దగ్గరికే వస్తున్నట్టు కనపడింది.

ఆ తర్వాత గ్యాలరీ అన్న చెప్పినట్టు మెల్‌బోర్న్ ఫైనల్ 7-0 టైబ్రేక్‌ను కొట్టని మనిషిని చూస్తూ మూడుసార్లు చూశాను. డబుల్స్ అంటే సింగిల్స్‌లో పైకి రాలేనివాళ్ల చోటు అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఒక డౌట్ మాత్రం ఉంది. 43 ఏళ్లకు నంబర్ వన్ ఎలా సాధ్యం? పరుగు తక్కువన్నారు సరే, రియాక్షన్ టైమ్ సంగతేంటి? నెట్ దగ్గర బంతి రెప్పపాటులో మీద పడుతుంది కదా.

మెల్‌బోర్న్ తెలుగోడు
4 నవంబర్ 2025, సాయంత్రం 4:00

దీని గురించి నేను చాలా చదివాను తమ్ముడూ. అతని మోకాళ్లలో కార్టిలేజ్ అరిగిపోయింది, ఎముకకు ఎముక రాసుకునే స్థితి. నొప్పి మాత్రలు మింగి ఆడేవాడు. కోవిడ్ సమయంలో అయ్యంగార్ యోగా మొదలుపెట్టాక నొప్పి తగ్గిందని, కోర్టులో మనసు కూడా నిలకడగా ఉంటోందని అతనే చాలాసార్లు చెప్పాడు. దానికి తోడు సొంతంగా ఫిజియోను వెంట తిప్పుకున్నాడు. ఆ ఖర్చు తక్కువేం కాదు.

రియాక్షన్ సంగతి నువ్వు టైబ్రేక్‌లో చూసే ఉంటావు. బంతి వచ్చాక కదిలితే ఆలస్యం. అవతలివాడి భుజం తిరగడం చూసి ముందే అడుగు వేస్తాడు. ఆ చూపు ఇరవై ఏళ్ల మీద వస్తుంది. 2024లో అతని తర్వాత నంబర్ వన్ అయింది ఎబ్డెన్, ఫిబ్రవరి చివర్లో. అతనికి అప్పుడు 36. ఈ ఆటలో వయసు తెచ్చిపెట్టేది చాలా ఉంది.

నంబర్ వన్ ఖాయమైంది క్వార్టర్స్ గెలిచిన రోజు, జనవరి 24న. 25న సెమీస్ గెలిచాడు, అదే రోజు పద్మశ్రీ ప్రకటన వచ్చింది. 27న కప్పు. నాలుగు రోజుల్లో ఒక మనిషి జీవితంలోకి అన్నీ కట్టగట్టుకుని వచ్చాయి.

గన్నవరం గ్యాలరీ
4 నవంబర్ 2025, రాత్రి 9:30

ఇంతమంది ఇంత మంచిగా రాస్తారని అనుకోలేదు. నేను ఒకటి కలుపుతాను. అంతకు సరిగ్గా ఏడాది ముందు, 2023 జనవరిలో, అదే రాడ్ లేవర్ అరీనాలో మన సానియా ఆఖరి గ్రాండ్ స్లామ్ మ్యాచ్ ఆడింది, మిక్స్‌డ్ ఫైనల్. పక్కన ఉన్నది బోపన్నే. ఓడిపోయారు. మైకు ముందు సానియా కళ్లనీళ్లు పెట్టుకుంది. పద్నాలుగేళ్ల వయసులో తన మొదటి మిక్స్‌డ్ జోడీదారు రోహనేనని ఆ రోజే చెప్పింది. పక్కన నిలబడ్డ బోపన్న కూడా కళ్లు తుడుచుకున్నాడు. మళ్లీ అదే కోర్టులో అతను కప్పు ఎత్తినప్పుడు నాకు ఆ దృశ్యమే కళ్ల ముందు మెదిలింది.

సీతమ్మధార గారూ, బాబు సంగతి ఏం ఆలోచించారు?

సీతమ్మధార
5 నవంబర్ 2025, ఉదయం 6:50

ఆలోచించడం కాదండీ, నిన్న సాయంత్రమే పేరిచ్చేశాం. వచ్చే వారం ఇక్కడే జూనియర్ టోర్నీ ఉంది, డబుల్స్ డ్రాలో కూడా ఆడుతున్నాడు. అకాడమీలో తోటి అబ్బాయితో జత. ఆ బాబు ఎడమచేతి వాటం, మావాడు కుడి. ఇద్దరూ ఎప్పుడూ కలిసి ఆడలేదు. ఎవరు ఏ వైపు నిలబడాలి, ముందు ఎవరు సర్వ్ చేయాలి? ఇద్దరూ నన్ను అడుగుతున్నారు, నాకేం తెలుసు?

డ్యూస్ కోర్ట్
5 నవంబర్ 2025, ఉదయం 7:25

చాలా సంతోషమమ్మా. ఎడమచేతి బాబును యాడ్ కోర్టులో, అంటే ఎడమవైపు నిలబెట్టండి. బయటికి వెళ్లే బంతులు ఇద్దరికీ ఫోర్‌హ్యాండ్ మీదికి వస్తాయి. బ్రయాన్ సోదరుల్లో బాబ్‌ది ఎడమచెయ్యి, అతను అటే ఆడేవాడు. మధ్యలో పడే బంతికి మాత్రం ఇద్దరిదీ బ్యాక్‌హ్యాండే కాబట్టి ఎవరు తీసుకోవాలో ముందే మాట్లాడుకోమనండి. నోటితో "నాది" అని గట్టిగా అరవాలి. సిగ్గుపడకూడదు.

సర్వ్ సంగతి. పొద్దున్న మ్యాచ్ అయితే ఎండ ఏ ఎండ్‌లో కళ్లలో పడుతుందో వార్మప్‌లోనే చూసుకోండి. బంతి పైకెగరేసినప్పుడు కుడిచేతి వాడికి సూర్యుడు అడ్డమొచ్చే ఎండ్‌లో చాలాసార్లు ఎడమచేతి వాడికి అడ్డురాడు. ఆ ఎండ్‌లో ఆ బాబు సర్వ్ చేసేలా వరుస పెట్టుకోండి. ప్రతి సెట్ మొదట్లో ఆ వరుస మార్చుకోవచ్చు, రూల్స్ ఒప్పుకుంటాయి.

ఈ ఆదివారం దాకా మీవాడితో రోజూ పావుగంట వాలీలు ఆడించండి. గోడకు వీపు ఆనించి నిలబెట్టి బంతులు వేయండి. రాకెట్ వెనక్కి లాగితే గోడకు తగులుతుంది. మూడు రోజుల్లో ఆ అలవాటు పోతుంది. నా చిన్నప్పుడు నాకు అలాగే నేర్పారు.

ఫ్లాట్ సర్వ్
5 నవంబర్ 2025, ఉదయం 9:10

మేడమ్, శనివారం పని మీద వైజాగ్ వస్తున్నాను. మీకు అభ్యంతరం లేకపోతే సాయంత్రం కోర్టుకు వచ్చి పిల్లలిద్దరికీ సర్వ్‌లు వేస్తాను. వాళ్లు రిటర్న్ తక్కువ ఎత్తులో కొట్టడం ప్రాక్టీస్ చేయవచ్చు.

సీతమ్మధార
5 నవంబర్ 2025, ఉదయం 9:32

తప్పకుండా రా బాబూ. కోర్టు ఎక్కడో మెసేజ్‌లో పంపిస్తాను. మావాడు గది గోడకు వీపు ఆనించి అప్పుడే మొదలుపెట్టేశాడు, రాకెట్ చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది.